పెద్ద మాటల క్లాసులో ఒక ఊఁ

చైనా వాళ్ళకు ఇంగ్లీషు చెప్పే మనిషి కావాలన్న కబురు మొదట నాకు తెచ్చినవాడు గంగన్న. జగిత్యాల దగ్గర పల్లెటూరి మనిషి. ఖతార్‌లో, దోహా బయట పైపులైను వేస్తున్న ఒక చైనా కంపెనీలో స్టాఫ్ వ్యాను నడిపేవాడు. ఉండేది బర్వా అల్ బరాహా అనే కార్మికుల క్యాంపులో. శుక్రవారం అందరికీ సెలవు కాబట్టి ఆ పొద్దున మెసైమీర్‌లోని మా ఫ్లాట్‌లో నలుగురం కూర్చుని విష్ణుసహస్రనామం చదువుకునేవాళ్ళం. గంగన్నకు చదవడం రాదు. వెనక గోడకు ఆనుకుని చేతులు జోడించుకుని వినేవాడు. ఒకసారి పారాయణం అయ్యాక పులిహోర తింటూ అన్నాడు:

"టీచరమ్మా, మా కంపెనీల ఒక చీనా పిల్ల ఉన్నది. లిన్ అని. మీటింగులల్ల వీళ్ళ మాట వాళ్ళకు, వాళ్ళ మాట వీళ్ళకు చెప్పుడు ఆమె పని. వ్యాన్ల కూసున్నకాడికెల్లి దిగేదాక పెదవులు ఆడుతనే ఉంటయి. ఏవో మంత్రాలనుకున్న. అడిగితే ఇంగ్లీషు మాటలట! గంత కష్టపడే పిల్లకు మీరు చెప్తే మంచిగుంటది."

"మా ఇంగ్లీషు సెంటర్‌కి వచ్చి చేరమను గంగన్నా."

"చేరమనుడేంది, వాళ్ళ ఆఫీసోళ్ళే టీచర్ కోసం దేవులాడుతున్నరు. మీ సెంటర్ నంబర్ ఇచ్చేసిన. తిట్టకుండ్రి."

ఎందుకు తిడతాను? నా పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన కాలం ఆ నంబరుతోనే మొదలైంది. ఇప్పుడు పని మానేశాను. గల్ఫ్‌లో ఇంగ్లీషు చెప్పే పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు కొందరు "ఎలా చెప్పాలి ఆంటీ" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. సర్టిఫికెట్లు, జీతాలు, వీసాల సంగతి ఎవరైనా చెబుతారు. ఇది వేరే.

నా చదువు

నేను బడి ముఖం చూడలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. కాకినాడ తేమ గాలికి ఊపిరి అందేది కాదు. పోస్టాఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్నగారే సాయంత్రాలు కూర్చోబెట్టి చదువు చెప్పారు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టాను. నాన్నగారికి ఒక అలవాటు ఉండేది. ఏ పాఠం చెప్పినా చివర పుస్తకం మూసి, "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అనేవారు. అర్థమైందా అని అడగరు. చెప్పు, అంతే. నాకు మహా విసుగ్గా ఉండేది. ఆ విసుగుకు ఇప్పుడు రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఆయన నుంచి అన్నీ తెచ్చుకున్నాననే అనుకున్నాను గానీ ఆ ఒక్కటీ దోహాకు రాలేదు. సెంటర్‌లో క్లాసులు వేగంగా నడవాలి. పాఠం చెప్పి, "ఓకే?" అనడం, వాళ్ళు "ఓకే" అనడం, తర్వాతి పేజీ.

హలా మేడమ్

సెంటర్ నడిపేది హలా అనే లెబనాన్ ఆవిడ. మంచిదీ, తొందరదీ. చైనా కంపెనీ వాళ్ళకు అడ్వాన్స్‌డ్ వొకాబులరీ కోర్సు అని ఒప్పందం కుదరగానే నన్ను పిలిచి, "హబీబ్తీ, వాళ్ళకు పెద్ద మాటలు కావాలి. పెద్దవి ఇవ్వు. చిన్న మాటలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. యల్లా, కానివ్వు," అంది.

ఆవిడ గురించి చెడు చెప్పను. డిగ్రీలున్న వాళ్ళను వదిలేసి ఇంట్లో చదువుకున్న నన్ను నమ్మి క్లాసు ఇచ్చింది. విద్యార్థి నోరు తెరిచిన మొదటి వాక్యంలో తప్పు దిద్దకూడదని నేర్పింది కూడా ఆవిడే. కానీ ఒక్క విషయంలో ఆవిడ లెక్క తప్పని ఇప్పటికీ అంటాను. మాట ఎంత అరుదుగా వినబడితే అంత గొప్పదని ఆవిడ నమ్మకం. ఈ రంగంలో చాలామంది నమ్మకం అదే. వాటికే గిరాకీ కాబట్టి మనమూ తలాడిస్తాం.

నది గుర్రం

లిన్‌కు ముప్ఫై లోపే ఉంటుంది. సన్నగా, జుట్టు వెనక్కి గట్టిగా దువ్వుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నన్ను "లావ్‌షీ" అని పిలిచేది. వాళ్ళ భాషలో టీచర్ అని. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మొదటి రోజే అడిగాను, ఇంత పట్టుదల ఎందుకని.

"మీటింగ్‌లో రెండు పక్కల వాళ్ళూ నా నోటివైపు చూస్తారు లావ్‌షీ. మా ఊళ్ళో నేను మాట్లాడుతుంటే ఎవరూ చూసేవారు కాదు. కంపెనీ నన్ను తాత్కాలికంగా కూర్చోబెట్టింది. ఈ కుర్చీ నాదే కావాలి."

తను మాటలు నేర్చుకునే పద్ధతి చూస్తే నాకు ముచ్చటేసేది. వాళ్ళ బళ్ళలో పొద్దున్నే నిలబడి పైకి చదివిస్తారట. ఆ అలవాటుతో కంపెనీ క్యాంపు మేడమీద నిలబడి తెల్లవారుతుండగా చదివేది. మిటిగేట్, కంటింజెన్సీ, రెలక్టెంట్. ఒక్కో ఇంగ్లీషు మాటకు ఒక్కో చైనా మాట, జత కట్టినట్టు. నేను శ్లోకాలు వల్లె వేసినదాన్నే కదా, నాకు ఎక్కడా వింతగా అనిపించలేదు. అసలు వింత వేరేచోట తగిలింది.

ఒకరోజు అగ్నిపర్వతాల మీద చిన్న పాఠం చదువుతున్నాం. "వోల్కనో అంటే నాకు ఏమీ కనబడదు," అంది లిన్. "మా మాటలో అయితే మంట ఉంటుంది, కొండ ఉంటుంది. ఇంగ్లీషు మాట లోపల చూస్తే ఖాళీగా ఉంది."

నేను ఉలిక్కిపడ్డాను. మన అగ్నిపర్వతం కూడా అంతే కదా! అగ్ని, పర్వతం. ఇక ఆ రోజు పాఠం ఎటో పోయింది. టెలిస్కోప్‌కి మీరేమంటారు? దూరం చూసే అద్దం. మేము దూరదర్శిని అంటాం. హిప్పోపొటమస్‌కి? నది గుర్రం. మేము నీటి గుర్రం! ఇద్దరం నిఘంటువు తీసి చూస్తే, ఇంగ్లీషు వాళ్ళు గ్రీకుల దగ్గర తెచ్చుకున్న ఆ పొడుగాటి మాటలో ఉన్నదీ నది గుర్రమే. లిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తను అలా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

అప్పటినుంచి పెద్ద మాటలను విప్పి చెప్పడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు పెద్ద మాట మూసిన డబ్బా కాదు, అందులోనూ ముక్కలున్నాయి, అవి లాటిన్‌వో గ్రీకువో కావడంతో మనకు కనబడవు అంతే. చైనా విద్యార్థి వస్తే ముందు ఇది చూపించండి. ముక్కలతో మాట కట్టుకోవడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. మన పిల్లలకన్నా వేగంగా అందుకుంటారు.

లిన్ అందుకుంది. నేను వివరిస్తుంటే నా కళ్ళలోకి చూస్తూ, "ఊఁ... ఊఁ..." అనేది. ఆ ఊఁ వింటే ఎంత హాయిగా ఉండేదో! హలా మేడమ్ గుమ్మంలో నిలబడి చూసి, "నీ క్లాసు బంగారం," అనేది. నేనూ అదే అనుకున్నాను.

ఒప్పుకున్నదెవరు

రంజాన్ నెల మధ్యలో ఒకనాడు లిన్ కళ్ళు ఉబ్బి వచ్చింది. కూర్చోకుండానే, "లావ్‌షీ, ఇంకా పెద్ద మాటలు కావాలి. క్షమాపణ చెప్పేవి," అంది.

మంచినీళ్ళిచ్చి కూర్చోబెడితే సంగతి బయటికొచ్చింది. క్లయింట్ తరఫున ఇంగ్లండ్ పెద్దమనిషి ఒకాయన వారం వారం మీటింగ్ పెడతాడు. చైనా వైపు పెద్ద గువో గారు. మధ్యలో లిన్. కిందటిసారి ఇంగ్లండ్ ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఈద్ సెలవుల్లో కూడా పని ఆపకుండా ఒక ముక్క పైపులైనుకు టెస్టింగ్ పూర్తి చేయాలని. ఆయన చెబుతున్నంతసేపూ లిన్ ఊఁ, ఊఁ అంది. తను చైనా భాషలో చెబితే పక్కన గువో గారూ ఊఁ అన్నారు. ఆయన సంతోషించి వెళ్ళిపోయాడు. ఈ వారం వచ్చి, "మీరు ఒప్పుకున్నారు కదా, ఏర్పాట్లేవి?" అన్నాడు.

"మేం ఒప్పుకోలేదు లావ్‌షీ. గువో గారు ఆలోచించి తర్వాత చెబుదామనుకున్నారు. ఇప్పుడు ఆయన నన్ను అడిగారు, 'నా తరఫున నువ్వు ఒప్పుకున్నావా?' అని. అందరి ముందూ. నేను ఎస్ అనే మాటే అనలేదు. వచ్చే మీటింగ్‌లో ఇది సర్దకపోతే చైనా నుంచి ఇంకొకరు వస్తారు."

ఆ కుర్చీ తనకు ఏమిటో నాకు తెలుసు. వెంటనే ఇద్దరం కూర్చుని ఒక క్షమాపణ ప్రసంగం తయారుచేశాం. రిగ్రెటబుల్ ఉంది, ఇనడ్వర్టెంట్ ఉంది, మ్యూచువల్ కాన్ఫిడెన్స్ ఉంది. లిన్ రెండుసార్లు చదివి అప్పజెప్పేసింది. వింటుంటే చాలా గొప్పగా ఉంది. కానీ విన్నాక ఏం జరిగిందో మాత్రం తెలియలేదు. ఏదో వెలితిగా అనిపించింది గానీ ఏమిటో పట్టుకోలేకపోయాను.

శుక్రవారం

ఆ శుక్రవారం పారాయణం అయ్యాక మామూలుగానే ఒక నామానికి నాకు తెలిసిన అర్థం చెబుతున్నాను. కొంచెం పొడుగ్గానే చెప్పాననుకుంటా. గంగన్న గోడకు ఆనుకుని, నా వైపే చూస్తూ, "ఊఁ... ఊఁ..." అంటున్నాడు. మా వారికి నన్ను ఏడిపించే అవకాశం దొరికితే వదలరు.

"ఏం గంగన్నా, తెగ ఊఁ కొడుతున్నావ్. ఏం అర్థమైందేమిటి?"

గంగన్న మొహమాటపడలేదు. "నాకేం సమజైతది సార్? అమ్మ చెప్తున్నది, నేను ఊఁ కొడుతున్న. ఊఁ కొట్టకుంటే చెప్పేటోళ్ళకు ఎవరు వింటున్నరని ఉంటది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.

చిన్నప్పుడు ఉబ్బసంతో నిద్రపట్టక నాయనమ్మ దగ్గర పడుకుంటే ఆవిడ కథ చెప్పేది. "ఊఁ కొట్టవే" అనేది. కథ అర్థమైందా అని కాదు. నేను ఇక్కడున్నాను, చెప్పు, అని వినబడాలి, అంతే. తెలుగిళ్ళలో పుట్టిన ఏ పిల్లకైనా తెలిసిన సంగతి. నాకు తెలియదా? తెలుసు. కానీ లిన్ ఊఁ అంటే మాత్రం అది ఇంగ్లీషు ఎస్ అనుకున్నాను. ఎందుకంటే నేను కూర్చున్నది ఇంగ్లీషు క్లాసులో. ఇంగ్లండ్ ఆయనా అదే అనుకున్నాడు. ఆయనకు నాయనమ్మ ఊఁ కొట్టమనలేదు, ఆయన తప్పేముంది? నాకు అనిపించిన అనుమానం ఒక్కటే. లిన్ ఊఁ కూడా మన ఊఁ లాంటిదేనా?

"గంగన్నా, రేపు లిన్‌ని క్లాసుకు కొంచెం ముందే దించగలవా?"

"తప్పకుంట. ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. నువ్వు మంచి మాట చెప్పావు."

"నేనా? నాకు సమజే కాలేదంటి గదా!"

ఇప్పుడు నువ్వు చెప్పు

మర్నాడు లిన్‌ను కూర్చోబెట్టి ఒక పెద్ద మాట గురించి కావాలనే తిప్పి తిప్పి వివరించాను. లిన్ శ్రద్ధగా ఊఁ అంది, ఊఁ అంది. నేను పుస్తకం మూసి నాన్నగారిలా అన్నాను: "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు."

లిన్ చేతులు చూసుకుంటూ కూర్చుంది.

"కోపం లేదమ్మా. తెలుసుకోవాలని ఉంది. నువ్వు ఊఁ అన్నప్పుడు నీ మనసులో ఏముంటుంది?"

తల ఎత్తకుండానే అంది: "వింటున్నాను, మీరు చెప్పండి, అని. పెద్దవాళ్ళు చెబుతుంటే ఆపకూడదు కదా. తర్వాత గదికి వెళ్ళి నిఘంటువులో చూసుకుంటాను. దొరికితే దొరుకుతుంది."

"మీటింగ్‌లో?"

"మీటింగ్‌లో కూడా. ఆయన మాట్లాడుతుంటే ఆపి అడిగితే, ఆయన సరిగ్గా చెప్పలేదన్నట్టు అవుతుంది. గువో గారికీ తలవంపు. అందుకే అర్థమైనవాటితో మిగతావి కలిపి, మంచి మాటలు పెట్టి చెబుతాను."

దాంతో నాకు అన్నీ అర్థమయ్యాయి. ఈ పిల్ల పెద్ద మాటలు ఎందుకు పోగుచేస్తోందో కూడా. తెలియని చోటల్లా కప్పడానికి. మా నాయనమ్మ సంగతి చెప్పి, లిన్ వాళ్ళ బామ్మకూ ఆ అలవాటు ఉందా అని అడిగాను. "మా బామ్మా అంతే. నేను ఊఁ అనకపోతే కథ ఆపేసేది," అంది. సముద్రాలవతల ఇద్దరు ముసలమ్మలు ఒకే మాట అడిగారు. ఎంత చిత్రం!

ఆ ప్రసంగం పక్కన పెట్టేశాం. నేను ఇంగ్లండ్ ఆయనలా కూర్చుని గబగబా మాట్లాడతాను. లిన్ నన్ను ఆపాలి. "సర్, ఒక్క నిమిషం. నేను విన్నది మళ్ళీ చెబుతాను, సరేనా చూడండి." ఎంత తేలిక మాటలో! కానీ లిన్ నోట రావడం లేదు. ఒకసారి "సర్" దగ్గరే ఆగి ఏడ్చేసింది.

అదే సమయానికి హలా మేడమ్ గుమ్మంలోకి వచ్చింది. "ఇదేమిటి? 'ఒక్క నిమిషం' అనడం నేర్పడానికా కంపెనీ డబ్బు కడుతోంది? ఇది పిల్లల క్లాసా?"

"మేడమ్, మీరు కొంచెంసేపు కూర్చుంటారా? అరబిక్‌లో ఆపకుండా లిన్‌తో మాట్లాడండి."

హలాకు మాట్లాడమంటే చాలు. మొదలుపెట్టింది. లిన్ అలవాటుగా ఊఁ, ఊఁ అంది. ఒక్క ముక్క రాదు, అయినా అంది. హలా ఉత్సాహంగా ఇంకా చెప్పుకుపోయింది. సగంలో తనే గ్రహించి, లిన్ వైపు, నా వైపు చూసి నోరు మూసుకుంది. తర్వాత నెమ్మదిగా, "మా డ్రైవర్ కూడా ఇలాగే అంటాడు. వేరే దారిన తీసుకెళ్తాడు," అని లేచి తలుపు దగ్గరకు వేసి వెళ్ళింది. మళ్ళీ ఆ కోర్సులో ఏం చెప్పాలో ఆవిడ నాకు చెప్పలేదు.

వ్యానులో

మీటింగ్ రోజు పొద్దున నేను దీపం దగ్గర కొంచెం ఎక్కువసేపే కూర్చున్నాను. ఏం జరిగిందో మొదట చెప్పింది గంగన్నే, ఫోన్‌లో.

"అమ్మా, వ్యాన్ల పెద్దసారు ముంగట, పిల్ల వెనక. పిల్ల ఏదో చానసేపు చెప్పింది చీనాల. పెద్దసారు కిటికీల నుంచి చూసుకుంట ఊఁ అన్నడు. గప్పుడు పిల్ల ఏమన్నదో ఏమో, పెద్దసారు గిర్రున తిరిగి చూసిండు. నేను అద్దంల చూస్తున్న, ఇగ అయిపోయింది అనుకున్న. కని ఆయన నవ్విండు! నేను ఆయన పండ్లు సూసుడు అదే ఫస్టు."

లిన్ ఏమందో సాయంత్రం తనే చెప్పింది. మీటింగ్‌లో నిజం చెప్పడానికి అనుమతి అడిగిందట. ఆయన ఊఁ అన్నారు. "గువో గారూ, ఊరికే విన్నారా, ఒప్పుకున్నారా?" అని అడిగిందట. జన్మలో మొదటిసారి పెద్దవాళ్ళను అలా అడగడం. ఆయన నవ్వి, "ఒప్పుకున్నాను," అన్నారు.

మీటింగ్‌లో ఇంగ్లండ్ ఆయన మొదలుపెట్టగానే లిన్ ఆపింది. పెద్ద మాట ఒక్కటీ వాడలేదట. "సర్, మా వైపు ఊఁ అంటే వింటున్నామని. ఒప్పుకున్నామని కాదు. ఇది మీకు మొదటి రోజే చెప్పాల్సింది నేను. ఈద్ పని గురించి ఆ రోజు మేం ఒప్పుకోలేదు. ఇకనుంచి మీరు చెప్పింది నేను తిరిగి చెబుతాను. మీరు అవునంటేనే గువో గారికి చెబుతాను."

ఇంగ్లండ్ ఆయన లిన్ వైపు చూసి, "అయితే ఇంతకుముందు మీటింగుల్లో మీరు నిజంగా ఒప్పుకున్నవేవి?" అని అడిగాడట.

అది ఎవరూ అనుకోని ప్రశ్న. ఒక్కొక్కటీ మొదటినుంచి తీశారు. కొన్ని ఒప్పుకున్నవే. కొన్ని ఊఁ మాత్రమే. మధ్యాహ్నం దాటేదాకా సాగింది. ఆయన చిరాకుపడ్డాడు, ఒకసారి పెన్ను బల్లమీద పడేశాడు కూడా. కానీ లేచి వెళ్ళిపోలేదు. ఈద్ సెలవులు పోలేదు, టెస్టింగ్ తర్వాతికి జరిగింది. చివర ఆయన ఫైలు మూసి, "మిస్ లిన్, ఇప్పుడు మనం ఏం మాట్లాడుకున్నామో చెప్పండి," అన్నాడట. ఆ తర్వాత ప్రతి మీటింగ్ చివరా అదే అడిగేవాడు. ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు.

చెప్పదలచుకున్నది

కొత్తగా ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలూ, పెద్ద మాటలు నేర్పండి. అవి కావాలి. లిన్ తర్వాత కూడా మానలేదు, మిటిగేట్ అనే మాటను ఇప్పుడు నాకన్నా బాగా వాడుతుంది. కానీ నేర్పేముందు మీ విద్యార్థి తెలియనప్పుడు ఏం చేస్తుందో కనిపెట్టండి. కొందరు మౌనంగా ఉంటారు, కొందరు నవ్వుతారు, కొందరు ఊఁ అంటారు. తర్వాత రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో పనిచేసే చైనా ఇంజనీర్ల బ్యాచ్ వస్తే మొదటి రోజు నేను నేర్పింది పెద్ద మాటలు కాదు, నన్ను ఆపడం. ఒకాయన కోర్సంతా నన్ను ఆపుతూనే ఉన్నాడు, పాఠం ముందుకు సాగనివ్వలేదు. ఆ నష్టమూ ఉంది, దాచను.

మేం దోహా వదిలే ముందు ఆఖరి శుక్రవారం లిన్ మా ఇంటికి వచ్చింది. గంగన్న పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. నేను అలవాటుగా ఒక నామానికి అర్థం చెబుతూ తెలుగులోనే సాగిపోతున్నాను. గంగన్న ఊఁ అన్నాడు. లిన్ కూడా ఊఁ అంది. వెంటనే చెయ్యి ఎత్తింది.

"లావ్‌షీ, వింటున్నాను. అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాను, ఇంగ్లీషులో. అది అయ్యాక గంగన్న తనూ చెయ్యి ఎత్తాడు. "అమ్మా, నాకు గూడ మళ్ళ చెప్పుండ్రి. ఈసారి నిజంగ వింట."

భగవంతుడు నాకు ఇచ్చిన గురువుల్లో నాన్నగారు ఒకరు, ఆయన్ను తలుచుకునే పని నేను చూసుకుంటాను. ఇంకొకరి పేరు మీకు అప్పగిస్తున్నాను. గంగన్న ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో ట్రాక్టర్ నడుపుతున్నాడు. ఊరివాళ్ళంతా దుబాయ్ నుంచి వచ్చిండు అంటారట, ఖతార్ అని చెప్పి చెప్పి మానేశాడట. మీ క్లాసులో ఎవరైనా మీ కళ్ళలోకి చూస్తూ ఊఁ అన్నప్పుడు, సంతోషపడి పేజీ తిప్పబోయే ముందు, నాకేం సమజైతదని సిగ్గుపడకుండా చెప్పిన ఆ గంగన్నను ఒక్కసారి తలుచుకోండి.